గోండు గూడెంలో కుర్రకారుకు ఆటలు, డప్పు, డెంసా: నడిపే పద్ధతి

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీలోని గోండు గూడేనికి వాలీబాల్ సంచీ పట్టుకెళ్లే ముందు గూడెం పెద్ద అయిన పటేల్‌ను కలవండి. ఆయన, దేవారి (పూజారి), నలుగురు పెద్దలు కూర్చుని సరేనంటేనే ఆడపిల్లలు మైదానానికి వస్తారు. పెద్దల్ని పక్కనపెట్టి నేరుగా కుర్రాళ్లతో మాట్లాడుకుంటే కొద్దిరోజులకే జనం పలచబడతారు.

పంటను బట్టి నెలలు ఎంచుకోవాలి. జూన్‌లో విత్తనాలు, అక్టోబరు నుంచి పత్తి ఏరుడు, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర. అవి ముగిశాక ఫిబ్రవరి, మార్చి బాగా అనువు. ఎండలు ముదిరితే పొద్దున 6 నుంచి 7.30 వరకే.

వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. నెట్ మగవాళ్లకు 2.43, ఆడవాళ్లకు 2.24 మీటర్ల ఎత్తు. చిన్నపిల్లలకు ఇంకా దించండి. వెదురు గుంజలకు చెద పడుతుంది, ఇనుప పైపులే పాతండి. మూడు బంతులు, ఒక పంపు, అరడజను గాలికొట్టే సూదులు ఉండాలి. బంతి కన్నా ముందు పోయేది సూదే. తడి చేయకుండా గుచ్చితే అది విరుగుతుంది, వాల్వూ చెడుతుంది. అంత చిన్న వస్తువు కోసం మండల కేంద్రం దాకా వెళ్లాలి, అంతవరకూ ఆట బంద్.

ఆదివాసీల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఎక్కువ. పరుగు పెట్టించే ముందే ఆశా కార్యకర్తను అడిగి ఎవరికి పరీక్ష అయిందో చూసుకోండి. జబ్బున్నవాళ్లను డాక్టర్ సరేనన్నాకే ఆడించండి. లక్షణాలేవీ లేని క్యారియర్లకు (ఆ జబ్బు జన్యువు ఒకటే ఉన్నవాళ్లకు) కూడా మండుటెండలో ఆగకుండా పరుగు ప్రమాదమే. పావుగంటకోసారి నీళ్లు తాగించండి. ఓఆర్ఎస్ కలిపితే లీటరు ప్యాకెట్‌కు సరిగ్గా లీటరు నీళ్లే. కాళ్లు లాగుతున్నాయనో, ఊపిరాడట్లేదనో అంటే ‘ఇంకొంచెం’ అనకుండా నీడకు చేర్చి, తగ్గకపోతే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి.

గుస్సాడీ నాట్యగురువు మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది కదా, గుస్సాడీ నేర్పిద్దాం అనిపిస్తుంది. ఆగండి. గుస్సాడీ దీపావళికి గోండులు జరుపుకునే దండారి పండుగలో దీక్షపట్టి కట్టే వేషం, పండుగ ముగిసేదాకా వేషం కట్టినవాళ్లు స్నానం కూడా చేయరు. శిబిరంలో ఫొటో కోసం నెమలి ఈకల టోపీ పెట్టించడం తప్పు. గుంపుగా ఆడే డెంసా అడుగులు, డప్పు, గుమేల అనే వాయిద్యం దరువులు నేర్పడానికి కూడా ముందు పెద్దల మాట తీసుకోండి. అరగంట డెంసాకు చెమట బాగానే పడుతుంది, వేరే వార్మప్ అక్కర్లేదు. లెక్క గోండిలోనే పెట్టండి: ఉండి, రండ్, మూండ్. కిక్రి అనే తీగ వాయిద్యం నేర్పడానికి, గోండుల కథాగాయకులైన ప్రధాన్ తెగ పెద్దను పిలిస్తే శాలువాతో సరిపెట్టకండి, ఆ రోజు కూలి, దారిఖర్చు అదే సాయంత్రం చేతిలో పెట్టండి.