ఔట్‌బ్యాక్ దారిలో టికెట్టు లేని చోట్లు చూసి రావడం ఎలా? (అడిలైడ్ నుంచి కూబర్ పీడీ దాకా)

జూన్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, స్కూల్ సెలవుల్లో కూబర్ పీడీ వెళ్తున్నాం, దారిలో ఫ్రీగా చూసేవి ఏమున్నాయో వాట్సాప్ చెయ్యవా" అని. కూబర్ పీడీ అంటే ఆస్ట్రేలియా ఔట్‌బ్యాక్‌లో, అంటే లోపలి ఎడారి ప్రాంతంలో, ఒపాల్ అనే రంగురాళ్లు తవ్వే గనుల ఊరు. మొదట్లో పంపేవాణ్ణి. పది పేర్లు పంపితే, వెళ్లొచ్చినవాళ్లు మూడు చూసేవారు. ఆ మూడు కూడా మిట్టమధ్యాహ్నం కారు దిగకుండా చూసినవే. రెండు కుటుంబాల కార్లు అక్కడి నుంచి టో ట్రక్కు మీద తిరిగొచ్చాయి. అందుకే ఇప్పుడు లిస్టు పంపడం మానేశాను. "రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?" అని అడుగుతాను. ఈ దారిలో డబ్బు అడగని చోట్లన్నీ పొద్దుటిపూట, సాయంత్రంపూట అందంగా ఉంటాయి. కారు నడపకూడని వేళలు కూడా సరిగ్గా అవే. ఈ రెండింటికీ పొత్తు కుదిరితేనే ప్రయాణం బాగుంటుంది.

నేను అడిలైడ్‌లో ఉంటూ ఈ దారిలో తొమ్మిదిసార్లు వెళ్లాను. అమ్మానాన్నలతో రెండుసార్లు, చంటిపిల్లతో ఒకసారి.

ఎప్పుడు, ఏం పట్టుకెళ్లాలి

జూన్ నుంచి ఆగస్టు మధ్యలో వెళ్లండి. ఇండియా నుంచి తల్లిదండ్రులు డిసెంబర్‌లో వచ్చారు కదా అని అప్పుడు బయల్దేరకండి. వేసవిలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఈగలు కళ్లల్లో, ముక్కుల్లో దూరతాయి. కూబర్ పీడీకి ఈశాన్యంగా ఉన్న ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది.

మామూలు కారు చాలు, స్టువర్ట్ హైవే అంతా తారు రోడ్డే. పూర్తి సైజు స్పేర్ టైరు, మనిషికి పది లీటర్ల నీళ్లు, మందపాటి దుప్పట్లు (జులై రాత్రుళ్లు బాగా చలి), ఆఫ్‌లైన్ మ్యాపు పెట్టుకోండి. ఊళ్లు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు. పెట్రోలు సగానికి వచ్చే దాకా ఆగొద్దు, బంకు కనిపించిన ప్రతిచోటా నింపండి. గ్లెండాంబో అనే చిన్న మజిలీ దాటాక కూబర్ పీడీ దాకా 250 కిలోమీటర్ల పైన ఒక్క బంకూ లేదు. మొదటిరోజుకి పులిహోర, రెండోరోజుకి చపాతీలు, చివరిదాకా వేరుశనగ చిక్కీ. పెరుగన్నం మాత్రం వద్దు, కారు హీటరుకి మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

రాత్రులు ముందు ఖాయం చేసుకోండి

మొత్తం ఆరు రోజులు పెట్టుకోండి. అయిదు రాత్రులు: పోర్ట్ అగస్టా, వూమెరా లేదా లేక్ హార్ట్ అనే ఉప్పు సరస్సు, కూబర్ పీడీలో రెండు, తిరుగుదారిలో మళ్లీ పోర్ట్ అగస్టా. అడిలైడ్ నుంచి కూబర్ పీడీ సుమారు 850 కిలోమీటర్లు, పొద్దున ఆరింటికి బయల్దేరితే సాయంత్రానికి చేరొచ్చని మ్యాపు చెబుతుంది. చేరొచ్చు కూడా. కానీ దారిలో ఏమీ చూడలేరు, చివరి వంద కిలోమీటర్లు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

అందరూ అడిగే ఇంకో మాట: "అంత దూరం వెళ్లాక ఉలురు కూడా చూసి వచ్చేయొచ్చు కదా?" ఆరు రోజుల్లో కుదరదు. ఎడారి మధ్యలో ఉన్న ఆ పెద్ద ఎర్ర రాతికొండ ఉలురు అడిలైడ్ నుంచి సుమారు 1,600 కిలోమీటర్లు, ఒకవైపే. పెద్దవాళ్లకి పార్కు పాస్ కొనాలి కాబట్టి అది ఉచితం కూడా కాదు. ఉలురు చూడాలంటే ఇంకోసారి, అందుకోసమే వెళ్లండి. పరుగులు పెడుతూ చూస్తే అది ఫోటోకి తప్ప పనికిరాదు.

మొదటిరోజు

సులువైన రోజు. అడిలైడ్ దాటాక గంటన్నరకి లోకీల్ అనే చిన్న ఊరు, పక్కనే బంబంగా సరస్సు. ఉప్పు శాతాన్ని బట్టి ఒక్కో కాలంలో ఒక్కో రంగు, ఒకసారి గులాబీ, ఒకసారి తెలుపు. గులాబీ రంగు లేదని నిరాశపడకండి. అరగంట చాలు.

పోర్ట్ అగస్టాలో ఆరిడ్ లాండ్స్ బొటానిక్ గార్డెన్ ఉంది, ప్రవేశం ఉచితం. 250 హెక్టార్లకు పైగా ఉన్న ఈ తోటలో ఎడారి మొక్కలే పెంచుతారు. చాలామంది దీన్ని వదిలేసి వెళ్లిపోతారు, అది పెద్ద తప్పు. ఇక్కడ ఒక గంట నడిస్తే తర్వాత రెండు రోజులు కారు కిటికీలోంచి కనిపించే పొదలు ఏవేమిటో తెలుస్తాయి. లేకపోతే ఆ దారంతా ఒకేలా ఉన్న బీడు అనిపిస్తుంది. నల్ల కన్నుతో ఎర్రగా పూసే స్టర్ట్ డెజర్ట్ పీ దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర పుష్పం. మా అమ్మ దాని ముందు పావుగంట కూర్చుండిపోయింది.

వూమెరా

పోర్ట్ అగస్టా నుంచి పింబా 170 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ కుడివైపు తిరిగితే ఆరేడు కిలోమీటర్లలో వూమెరా. ఊరి మధ్యలో ఆరుబయట రాకెట్లు, క్షిపణులు, విమానాలు నిలబెట్టిన మిసైల్ పార్కు ఉంది. గేటూ లేదు, టికెట్టూ లేదు. పక్కనున్న మ్యూజియానికి మాత్రం టికెట్టు ఉంటుంది.

1947లో బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి క్షిపణుల పరీక్షల కోసం కట్టుకున్న ఊరు ఇది. ఈటెను దూరంగా విసరడానికి ఆదివాసులు వాడే కర్ర పేరే వూమెరా. ఆస్ట్రేలియా మొదటి ఉపగ్రహం రెశాట్ 1967 నవంబర్‌లో ఇక్కడి నుంచే లేచింది. ర్యూగు గ్రహశకలం నుంచి జపాన్ తెప్పించిన మట్టి కూడా 2020 డిసెంబర్‌లో ఈ చుట్టుపక్కలే దిగింది. మా నాన్నది సూళ్లూరుపేట. 1980లో శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వి-3 రోహిణిని మోసుకెళ్లిన రోజు ఆయన మేడ మీద నిలబడి చూశారట. ఇక్కడ ఒక్కో రాకెట్ చుట్టూ తిరిగి, చేత్తో తడిమి చూశారు. షార్‌లో అలా ముట్టుకోనిస్తారా? గంటన్నర ఇవ్వండి.

ఒక హెచ్చరిక. వూమెరా చుట్టూ ఉన్నది రక్షణశాఖ నిషిద్ధ ప్రాంతం. హైవే మీద వెళ్లడానికి అనుమతి అక్కర్లేదు. హైవే వదిలి మట్టిదారుల్లోకి తిరగడానికి కావాలి. డ్రోన్ ఇంట్లోనే పెట్టి రండి.

అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే

పింబా నుంచి వాయవ్యంగా 40 కిలోమీటర్లు వెళ్తే లేక్ హార్ట్. కనుచూపుమేర తెల్లటి ఉప్పు. ఒకప్పుడు యూరప్ దేశాల యూరోపా రాకెట్లు ఈ ఒడ్డు నుంచే లేచాయి. సూర్యుడు దిగుతుంటే ఉప్పు మీద కాషాయం, గులాబీ, ఊదా ఒకదాని వెంట ఒకటి పాకుతాయి. ఎవరి ఫోటోల్లో చూసినా ఇదే ఉంటుంది. అందుకే అందరూ సూర్యాస్తమయానికి అక్కడ ఆగి, అది అయ్యాక "ఇంకెంత, గ్లెండాంబో 70 కిలోమీటర్లే కదా" అని చీకట్లో కారు తీస్తారు.

తీయకండి. ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

కంగారూలు పగలంతా పొదల నీడలో పడుకుని, పొద్దు వాలగానే మేతకి లేస్తాయి. రోడ్డు మీద పడ్డ వాననీరు అంచులకి జారుతుంది కాబట్టి గడ్డి అక్కడే పచ్చగా ఉంటుంది. అవి మేసేది ఆ అంచునే. హెడ్‌లైట్ పడితే పక్కకి పారిపోవు, ఎటు దూకాలో తెలియక కారు ముందుకే దూకుతాయి. 110 వేగంలో మీ కారు సెకనుకి 30 మీటర్లు పోతుంది. లైట్ల వెలుతురులో దాన్ని చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే అది బానెట్ మీద ఉంటుంది. పొద్దున సూర్యోదయానికి ముందూ వెనకా గంట కూడా ఇంతే. ఈములు పగలు కూడా అడ్డం వస్తాయి. స్టేషన్లు అనే పెద్ద పశువుల క్షేత్రాల్లో చాలాచోట్ల రోడ్డు పక్కన కంచె లేదు, నల్ల ఆవు రాత్రి అసలు కనిపించదు.

మా రెండో ప్రయాణంలో జులైలో, సాయంత్రం ఆరుంపావుకి, కూబర్ పీడీ ఇంకా 60 కిలోమీటర్లు ఉందనగా మా కారుకి కంగారూ తగిలింది. రేడియేటర్ పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. ఫోన్ పలకలేదు. ముందు సీట్లో నాన్న, వెనక చీకట్లో ఏడుస్తున్న పిల్లలు. చలికి నాన్న చేతులు కొంకర్లు పోయాయి. గంటకు పైగా ఒక్క బండీ రాలేదు. చివరికి ఒక రోడ్ ట్రైన్ (వెనక వరసగా ట్రెయిలర్లు తగిలించిన పెద్ద లారీ) డ్రైవరు ఆగి, తన రేడియోలో ఊరికి కబురు చేసి, సాయం వచ్చేదాకా మా వెనకే లైట్లు వేసుకుని నిలబడ్డాడు. పదిన్నరకి ఊరు చేరాం. అద్దె కారు ఒప్పందంలో, ఊళ్ల బయట చీకట్లో జంతువు తగిలితే నష్టం మాదేనని రాసి ఉందట. సంతకం పెట్టినప్పుడు నేను చదవలేదు. మీరు చదవండి.

కాబట్టి నియమం: జులైలో పొద్దు అయిదున్నరకి అటూఇటూగా వాలుతుంది. నాలుగున్నరకి ఇంజన్ ఆగిపోవాలి. పొద్దున ఎనిమిదింటికి ముందు స్టార్ట్ చెయ్యకూడదు. "నెమ్మదిగా పోతాను కదా" అనకండి. అరవైలో పోయే కారుని వెనక నుంచి వచ్చే రోడ్ ట్రైన్ చూసుకోవాలి. అది 53 మీటర్ల పొడవు, తొందరగా ఆగదు.

పగలైనా సరే, జంతువు ఎదురైతే స్టీరింగ్ తిప్పకండి. మనసు తిప్పమంటుంది. బలంగా, తిన్నగా బ్రేకు వెయ్యండి. తగిలితే తగలనివ్వండి. ఇలా చెప్పడానికి నాకూ బాధే. కానీ జంతువుని తప్పించబోయి పల్టీ కొట్టిన కారులో మనుషులే పోతారు. ఒకటి దాటిందని వెంటనే వేగం పెంచొద్దు, వెనక ఇంకోటి ఉంటుంది. చచ్చిన కంగారూ మీద పెద్ద గద్దలు వాలి ఉంటే అరవైకి తగ్గండి. అవి బరువుగా, ఆలస్యంగా లేస్తాయి, అద్దానికి తగిలితే పగిలిపోతుంది.

మరి సూర్యాస్తమయం? రెండే దారులు. క్యాంపర్‌వ్యాన్ గానీ టెంటు గానీ ఉంటే మూడున్నరకల్లా లేక్ హార్ట్ చేరి, రాత్రికి అక్కడి రెస్ట్ ఏరియాలోనే ఉండిపోండి. నాకు ఇదే ఇష్టం. అలా ఉండేవాళ్లు బయల్దేరే ముందు పంచాంగం చూసి ఆ రాత్రి అమావాస్యకి దగ్గర్లో పడేలా పెట్టుకోండి. జూన్, జులై రాత్రుల్లో పాలపుంత నెత్తిమీదికి వస్తుంది. ఆదివాసులు అందులోని నల్లటి మచ్చల్లో ఒక ఈమును చూస్తారు. తల, పొడవాటి మెడ, ఒళ్లు. నక్షత్రాల్లో కాకుండా నక్షత్రాల మధ్య చీకట్లో వెతకాలి. ఒకసారి కనిపించాక ఇక ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.

పెద్దవాళ్లతో వెళ్తూ మోటెల్ కావాలనుకుంటే వూమెరాలో పడుకుని, మర్నాడు తొమ్మిదింటికి లేక్ హార్ట్ చూడండి. సూర్యాస్తమయం రంగులు పోతాయి. పోనివ్వండి, పొద్దుటి ఉప్పు మీద నీలపు నీడలు తక్కువేం కాదు.

సరస్సు దాకా నడవాలంటే రైలు పట్టాలు దాటాలి. రెండువైపులా చూసి, పిల్లల చెయ్యి పట్టుకుని దాటండి, అటు గూడ్సులు కిలోమీటరు పైన పొడవుంటాయి. పట్టాల మీద ఫోటోలు వద్దు. ఒడ్డు దగ్గర ఉప్పు గట్టిగా ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ కింద బురద. మడమ దిగిందంటే వెనక్కి వచ్చేయండి.

కూబర్ పీడీలో ఒక పూర్తి రోజు

1915లో పద్నాలుగేళ్ల కుర్రాడికి ఇక్కడ ఒపాల్ దొరికింది, దాంతో ఊరు పుట్టింది. ఎండకి తట్టుకోలేక జనం కొండల్లో ఇళ్లు తొలుచుకున్నారు. భూమి కింద ఉన్న క్యాథలిక్ చర్చి, క్యాటకూంబ్ చర్చి ఉచితంగా చూడొచ్చు, హుండీలో తోచింది వెయ్యండి. సెర్బియన్ చర్చి అన్నిటికంటే గొప్పది, దానికి చిన్న రుసుము ఉంది, ఇచ్చి చూడండి. గుట్ట మీదున్న బిగ్ వించ్ దగ్గర నుంచి ఊరంతా కనిపిస్తుంది. శ్మశానంలో ఒక సమాధి మీద బీరు పీపా ఉంటుంది, తన పేరు మీద ఒక గుక్క తాగమని రాసి. ఊరి బయట బ్రేక్‌అవేస్ కొండలకి కూడా రుసుము ఉంది, వాటిని ఉచిత జాబితాల్లో కలిపి రాసేవాళ్లని నమ్మకండి.

పిల్లలకి మాత్రం నూడ్లింగ్. గనివాళ్లు పారేసిన మట్టి కుప్పల్లో ఒపాల్ ముక్కలు ఏరడాన్ని అలా అంటారు. జ్యువెలర్స్ షాప్ రోడ్డులో అందరికీ తెరిచి ఉంచిన చోటు ఉంది. అక్కడే ఏరండి. వేరే కుప్పలకి యజమానులుంటారు, వాటి మధ్య మూత లేని లోతైన గుంతలుంటాయి. పరిగెత్తొద్దు, వెనక్కి నడవొద్దు అని బోర్డులు పెట్టింది ఊరికే కాదు. ఫోటో కోసం వెనక్కి జరిగి పడిపోవచ్చని ఆ బోర్డులోనే బొమ్మ ఉంటుంది.

పొద్దున తొమ్మిదికో, మధ్యాహ్నం మూడుకో వెళ్లండి. ఏటవాలు ఎండలో రాయి మెరుపు తెలుస్తుంది. నీళ్ల సీసా, పాత టూత్‌బ్రష్ దగ్గర పెట్టుకోండి. అనుమానం వచ్చిన ప్రతి రాయినీ తడిపి, అటూఇటూ తిప్పి చూడండి. ఆకుపచ్చో నీలమో కదిలితే ఒపాల్. కదలని తెల్లదనం అయితే అది ఉత్త పాచ్, గనివాళ్లు పారేసేది అదే. మా పెద్దమ్మాయి రెండు గంటలు ఏరితే గోరంత ముక్క దొరికింది. ఊళ్లో దుకాణంవాళ్లని అడిగితే డబ్బు తీసుకోకుండా చూసి చెబుతారు. వాళ్ల దగ్గర ఏదైనా చిన్న వస్తువు కొనండి. పెట్రోలు, భోజనం కూడా ఇక్కడే.

తిరుగు ప్రయాణంలోనూ ఎనిమిది, నాలుగున్నర నియమం అంతే. కూబర్ పీడీ నుంచి పోర్ట్ అగస్టా 540 కిలోమీటర్లు, గ్లెండాంబోలో పెట్రోలు, పింబాలో టీ, రెండు గంటలకోసారి డ్రైవరు మార్పు. ఆలస్యమైతే మళ్లీ వూమెరాలో పడుకోండి, ఆఫీసుకి ఒకరోజు సెలవు ఎక్కువ పెట్టి ఉంచుకోండి.