టూరింగ్ బండి కొనే ముందు

దూరప్రయాణాలకు మోటార్‌సైకిల్ కొనాలంటే ముందు మీ దారి తేల్చుకోండి, మోడల్ తర్వాత. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీదే తిరిగేవారికి క్రూజర్ (సీటు తక్కువ ఎత్తులో ఉండి, కాళ్లు ముందుకు చాపి కూర్చునే బండి) చాలు. సాలూరు ఘాట్, ఏజెన్సీ మట్టిదారులైతే సస్పెన్షన్ ట్రావెల్ (గుంతల్లో చక్రం పైకీ కిందికీ కదలగల దూరం) ఎక్కువున్న అడ్వెంచర్ బండే కావాలి.

సీటు ఎత్తు: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రైడింగ్ బూట్లతోనే కూర్చుని చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్రూజర్ మీటియోర్ 350 సీటు 765 మి.మీ., అదే కంపెనీ అడ్వెంచర్ బండి హిమాలయన్ 450ది 825. ఖాళీ బండి మీద ఈ తేడా పెద్దగా తెలియదు. వెనక మనిషి, సామాను ఎక్కాక వాలులో ఆపితే కాలు ఆనక బండి ఒరిగిపోతుంది. రెండు పాదాల ముందు భాగమైనా నేలకు గట్టిగా ఆనాలి.

టెస్ట్ రైడ్: వీధి చివరి దాకా వెళ్లొస్తే సరిపోదు. అరగంట అడగండి, 80 వేగంలో కొంతసేపు నిలకడగా నడపండి. అప్పుడే చేతులు తిమ్మిరెక్కితే దూరప్రయాణంలో నరకమే. వెనక కూర్చునేవారినీ తీసుకెళ్లండి.

బరువు: మనుషులు, పెట్టెలు కలిపి మాన్యువల్‌లోని పరిమితి దాటకూడదు. వెనక బరువెక్కువైతే ముందు చక్రం తేలికై ఘాట్ మలుపులో హ్యాండిల్ మాట వినదు.

చక్రాలు: ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్‌ను చక్రం విప్పకుండానే మూయొచ్చు. ఏజెన్సీలో ఇది పెద్ద మేలు.

బ్రేకులు: డ్యూయల్ చానల్ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా రెండు చక్రాలూ బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండే తీసుకోండి.