లినక్స్‌లో వర్డ్‌ప్యాడ్ మొరాయిస్తుంటే

విండోస్ 95తో వచ్చిన చిన్న రాత ప్రోగ్రామ్ వర్డ్‌ప్యాడ్‌ను మైక్రోసాఫ్ట్ 2024లో, విండోస్ 11 24హెచ్2 నుంచి తీసేసింది. పాత ఆర్టీఎఫ్ (వర్డ్‌ప్యాడ్ పత్రాల రకం) ఫైళ్లున్నవాళ్లు మాత్రం లినక్స్‌లోనూ దాన్నే వెతుకుతుంటారు. అక్కడ దాన్ని నడిపేది వైన్, అంటే విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్. చాలా తిప్పలకు మూలం, విండోస్ మెషిన్ నుంచి వర్డ్‌ప్యాడ్ ప్రోగ్రామ్ ఫైల్ (ఈఎక్స్ఈ)ని కాపీ చేసి తెచ్చుకోవడం. ఆ అవసరమే లేదు. వైన్‌తోపాటే దాని సొంత వర్డ్‌ప్యాడ్ వస్తుంది. టెర్మినల్లో ‘వైన్ వర్డ్‌ప్యాడ్’ (wine wordpad) అని కొడితే తెరుచుకుంటుంది.

డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగడం లేదు

ఐకాన్ మీద ఎన్నిసార్లు నొక్కినా కారణం తెలియదు. అదే ప్రోగ్రామ్‌ను టెర్మినల్ నుంచి నడిపి, వచ్చే మెసేజ్ చదవండి.

వైన్32 లేదని అంటే, మీది 64 బిట్ సిస్టమ్, ప్రోగ్రామ్ బహుశా 32 బిట్‌ది. డెబియన్, ఉబుంటుల్లో డీపీకేజీ (dpkg) కమాండ్‌తో ఐ386 (i386, అంటే 32 బిట్) ఆర్కిటెక్చర్ చేర్చి, ఏపీటీ అప్‌డేట్ (apt update) చేసి, ఆ తర్వాత వైన్32 (wine32) ప్యాకేజీ వేయాలి. మధ్యలో అప్‌డేట్ మర్చిపోతే ప్యాకేజీ దొరకలేదంటుంది.

ఎంఎఫ్‌సీ42యూ డీఎల్ఎల్ (mfc42u.dll అనే లైబ్రరీ ఫైల్) లేదంటే, మీరు తెచ్చింది ఎక్స్‌పీ కాలం నాటి వర్డ్‌ప్యాడ్. వైన్‌కు ఇలాంటి ఫైళ్లు చేర్చే వైన్‌ట్రిక్స్ (winetricks)లో ఎంఎఫ్‌సీ42 (mfc42) ఎంచుకుంటే ఆ లోటు తీరుతుంది. విండోస్ 7 నుంచి వచ్చిన రిబ్బన్ వర్డ్‌ప్యాడ్ జోలికి మాత్రం వెళ్లకండి. దాని మెనూ పట్టీ పూర్తిగా విండోస్ సొంత రిబ్బన్ భాగం మీద ఆధారపడింది. అంత శ్రమకు తగిన ఫలితం ఉండదు.

ఫోల్డర్ మీది కాదని వైన్ మొండికేస్తే, ఎప్పుడో సుడోతో (sudo, అంటే రూట్ అధికారంతో) నడిపి ఉంటారు. హోమ్‌లో దాగి ఉండే .వైన్ (.wine) ఫోల్డర్ రూట్ పేరు మీదకి వెళ్లిపోయింది. యజమానిని మార్చే చోన్ (chown) కమాండ్‌తో దాన్ని, లోపలున్నవాటితో సహా మీ యూజర్ పేరుకు మార్చండి. వైన్‌ను సుడోతో ఎప్పుడూ నడపొద్దు.

రిచ్‌ఎడిట్ లైబ్రరీ లోడ్ కాలేదంటోంది

వర్డ్‌ప్యాడ్‌లో రాత పనంతా చేసేది రిచ్‌ఎడిట్టే. వేరే ఏదో ప్రోగ్రామ్ కోసం దాని ఫైల్ రిచెడ్20ని (riched20) నేటివ్‌గా, అంటే వైన్‌ది కాకుండా విండోస్‌ది వాడేలా, మార్చి ఉంటే ఇలా జరగొచ్చు. వైన్ సెట్టింగుల ప్రోగ్రామ్ వైన్‌సీఎఫ్‌జీ (winecfg) తెరిచి, లైబ్రరీస్ ట్యాబ్‌లో ఆ పేరు కనిపిస్తే తీసేయండి. వైన్ మళ్లీ తన సొంతదాన్నే వాడుకుంటుంది.

ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలు

మొదట్లోనే ‘పీకే’ అన్న అక్షరాలు కనిపిస్తే అది డాక్స్ (.docx) ఫైల్. నిజానికి అదొక జిప్ ఫైల్, వైన్ వర్డ్‌ప్యాడ్‌కు దాన్ని విప్పడం రాదు. పాత డాక్ (.doc) ఫైలైతే ఓఎల్ఈ స్టోరేజ్ (ఆ పాత ఫైళ్ల అమరిక) చదవలేనని వర్డ్‌ప్యాడే చెబుతుంది. రెండింటికీ మందు ఒకటే: లిబ్రేఆఫీస్‌లో తెరిచి ఆర్టీఎఫ్‌గా సేవ్ చేసుకోవడం.

తెలుగు అంతా ప్రశ్నార్థకాలైంది

ఇది అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే పోయిన అక్షరాలు తిరిగి రావు. సేవ్ చేసేటప్పుడు మామూలు టెక్స్ట్ డాక్యుమెంట్ ఎంచుకుంటే, సిస్టమ్ వాడే కోడ్‌పేజీలో (అక్షరాల పట్టికలో) లేని ప్రతి అక్షరం ‘?’ అవుతుంది. పక్కనే ఉన్న యూనికోడ్ టెక్స్ట్ గానీ, ఆర్టీఎఫ్ గానీ ఎంచుకోండి. డబ్బాలు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. రాత భద్రంగానే ఉంది, ఫాంటే లేదు. నోటో సాన్స్ తెలుగు లేదా లోహిత్ తెలుగు ఫాంట్ వేసుకుని వర్డ్‌ప్యాడ్ మూసి తెరవండి.

అక్షరాలు చీమల్లా ఉన్నాయి

వైన్‌సీఎఫ్‌జీలో గ్రాఫిక్స్ ట్యాబ్‌లో డీపీఐ (తెర మీద అక్షరాల సైజును మార్చే అంకె) 96 ఉంటుంది. దాన్ని 144 చేసి చూడండి, చాలకపోతే 192.

ప్రింటర్ కనిపించడం లేదు

వైన్ ప్రింటింగ్ కప్స్ (CUPS, లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ) ద్వారా సాగుతుంది. లినక్స్‌లో ప్రింటర్ పనిచేస్తూ వైన్‌లో మాత్రమే లేకపోతే, 32 బిట్ కప్స్ లైబ్రరీ లేదేమో చూడండి. తొందరలో ఉంటే ఆ ఆర్టీఎఫ్‌ను లిబ్రేఆఫీస్ నుంచే ప్రింట్ తీయడం మేలు.

ఏం చేసినా లొంగడం లేదు

.వైన్ ఫోల్డర్‌ను డిలీట్ చేయకుండా పేరు మార్చండి. వైన్ మళ్లీ నడిపితే కొత్తది తయారవుతుంది. పాతదాంట్లో డ్రైవ్_సీ (drive_c, వైన్ సీ డ్రైవ్‌గా వాడే ఫోల్డర్) లోపల సేవ్ చేసిన పత్రాలేమైనా ఉన్నాయేమో వెతికి, హోమ్‌లోకి తెచ్చుకున్నాకే దాన్ని తీసేయండి.