ఒక్క నిష్పత్తి తెలిస్తే మిగతా ఐదూ ఎలా కనుక్కోవాలి?

"సైన్ థీటా = 8/17 అయితే మిగతా త్రికోణమితి నిష్పత్తులు కనుక్కోండి." ఈ లెక్క చూడగానే చాలామంది పిల్లలు ముందు థీటా ఎన్ని డిగ్రీలో తేల్చాలేమోనని టెన్షన్ పడతారు. ఆ అవసరమే లేదు. కోణం విలువ చివరిదాకా తెలియకపోయినా ఆరు నిష్పత్తులూ వచ్చేస్తాయి. నేను ఈ పాఠం చెప్పేటప్పుడు సూత్రాల జోలికి పోనివ్వను, ముందు లంబకోణ త్రిభుజం గీయిస్తాను.

లంబకోణం పోగా మిగిలిన రెండు కోణాల్లో ఏదో ఒకదానికి థీటా అని పేరు పెట్టండి. లంబకోణానికి ఎదురుగా ఉన్నది కర్ణం, థీటాకి ఎదురుగా ఉన్నది ఎదుటి భుజం, మిగిలినది ఆసన్న భుజం. ఈ పేర్లు బొమ్మ మీదే రాయండి. థీటాని రెండో మూలకి మారిస్తే ఎదుటి భుజం, ఆసన్న భుజం తారుమారవుతాయి. అందుకే మనసులో అనుకుని ఊరుకుంటే చాలదంటాను.

సైన్ అంటే ఎదుటి భుజం బై కర్ణం. కాబట్టి ఎదుటి భుజం దగ్గర 8, కర్ణం దగ్గర 17 వేయండి. నిజానికి ఆ భుజాలు 16, 34 కావచ్చు, 80, 170 కావచ్చు. ఎన్ని రెట్లు పెంచినా నిష్పత్తి మారదు గనక చేతికి వీలైన చిన్న అంకెలు తీసుకుంటున్నాం, అంతే. ఇప్పుడు పైథాగరస్ సిద్ధాంతం: కర్ణం వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానం. కర్ణం తెలుసు కాబట్టి తీసివేత: 289 − 64 = 225, దాని వర్గమూలం 15. అదే ఆసన్న భుజం. ఇక బొమ్మ చూసి రాసుకోవడమే: కాస్ (ఆసన్న భుజం బై కర్ణం) 15/17, టాన్ (ఎదుటి భుజం బై ఆసన్న భుజం) 8/15. సైన్, కాస్, టాన్ మూడింటినీ వరసగా తిరగేస్తే కొసెక్ 17/8, సెక్ 17/15, కాట్ 15/8.

కూడాలా, తీసేయాలా అన్న దగ్గరే ఎక్కువ తప్పులు పడతాయి. కర్ణం తెలియకపోతే కూడాలి, తెలిస్తే తీసేయాలి. పై లెక్కలో పొరపాటున కూడితే 353 వస్తుంది, దాని వర్గమూలం 18 పైచిలుకు. భుజం కర్ణం కంటే పెద్దదైందంటే అక్కడే ఆగి వెనక్కి చూసుకోవాలి.

అంకెలు ఎప్పుడూ ఇంత చక్కగా కుదరవు. కాస్ 2/3 ఇచ్చారనుకోండి, ఎదుటి భుజం √5 అవుతుంది. దాన్ని 2.23 అని దశాంశంలోకి మార్చకండి, √5 గానే ఉంచండి. సైన్ √5/3, టాన్ √5/2. సైన్ 0.6 అని ఇస్తే 3/5 చేసుకోండి. టాన్ 2 అని ఇస్తే కింద ఏమీ లేదని కంగారు వద్దు, అది 2/1. ఎదుటి భుజం 2, ఆసన్న భుజం 1, కర్ణం √5.

టాన్ అంటే సైన్ బై కాస్ అన్నది నిజమే. కానీ టాన్ 3/4 అనగానే సైన్ = 3, కాస్ = 4 అని రాసేసేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. సైన్ గానీ కాస్ గానీ 1 దాటవు. ఆ 3, 4 భుజాల కొలతలు. కర్ణం 5 వచ్చాక సైన్ 3/5, కాస్ 4/5.

కొన్ని లెక్కలకి కర్ణం కూడా అక్కర్లేదు. టాన్ 3 అని ఇచ్చి (2 సైన్ − కాస్) / (సైన్ + కాస్) విలువ అడిగితే, పైనా కిందా ప్రతి పదాన్నీ కాస్‌తో భాగించండి. (2 టాన్ − 1) / (టాన్ + 1) అవుతుంది, అంటే 5/4. కర్ణం √10 మాటే రాలేదు. నాకు చాలా ఇష్టమైన దారి ఇది.

ఇప్పటిదాకా థీటా లఘుకోణం. కోణం 90 డిగ్రీలు దాటితే గుర్తులు చూసుకోవాలి. కాస్ −3/5, థీటా మూడో పాదంలో (180, 270 డిగ్రీల మధ్య) ఉంది అన్నారనుకోండి. ముందు మైనస్‌ని పక్కన పెట్టి మామూలుగా త్రిభుజం గీస్తే 3, 4, 5 వస్తాయి. తర్వాత గుర్తులు వేయండి. మూడో పాదంలో అడ్డంగా ఎడమకి, నిలువుగా కిందికి పోతాం కాబట్టి కాస్, సైన్ రెండూ రుణాత్మకం. సైన్ −4/5. మైనస్‌ని మైనస్‌తో భాగిస్తే టాన్ ధనాత్మకం, 4/3. తిరగేసినప్పుడు గుర్తు మారదు: కొసెక్ −5/4, సెక్ −5/3, కాట్ 3/4. ఏ పాదమో చెప్పకుండా కాస్ −3/5 అని మాత్రమే ఇస్తే కోణం రెండో పాదంలోనైనా ఉండొచ్చు, మూడో పాదంలోనైనా ఉండొచ్చు. అప్పుడు సైన్ ±4/5 అని రెండు జవాబులూ రాయాలి.