బరువు తగ్గే మందులకు ముందు రక్తపరీక్షలన్నీ ఒకే సూదిపోటుతో

బరువు తగ్గే మందులు మొదలుపెట్టేముందు రక్తపరీక్షల కోసం ల్యాబ్ చుట్టూ రెండు మూడుసార్లు తిరగాల్సి రావడం పెద్ద చిరాకు. డాక్టర్ దగ్గర నుంచి లేచేముందే పరీక్షలన్నీ ఒకే చీటీలో రాసివ్వమని అడగండి. సాధారణంగా పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్, కొవ్వులు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), లివర్, కిడ్నీ పరీక్షలు ఉంటాయి. ఈమధ్య చేయించుకున్న రిపోర్టులుంటే చూపించండి, కొన్ని మళ్లీ అక్కర్లేదనొచ్చు.

రాత్రి 8 గంటలకల్లా భోజనం ముగించి, పొద్దున 6 నుంచి 8 మధ్య రక్తం ఇచ్చేస్తే అన్నీ ఒకేసారి అయిపోతాయి. మంచినీళ్లు మానకండి, ఒక గ్లాసు తాగి వెళ్తే నరం తేలిగ్గా దొరుకుతుంది. కాఫీ, టీ మాత్రం రక్తం ఇచ్చాకే.

చాలామందికి తెలియనిది ఒకటుంది. జుట్టుకో గోళ్లకో వేసుకునే మాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ తరచుగా ఉంటుంది. అది థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలదు. డబ్బా వెనకవైపు సన్న అక్షరాల్లో చూడండి, 5 మి.గ్రా., 10 మి.గ్రా. అని రాసి ఉంటుంది. డాక్టర్‌కు చెప్పి, పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోవచ్చా అని కూడా అప్పుడే అడిగేయండి.

ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లకు మాత్రం ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. అంతసేపు ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాళ్లు ఎన్ని గంటలు ఉండాలో, ఏ డోసు ఆపాలో డాక్టర్‌నే అడగాలి.