పిడుగుతో పగలూ రాత్రీ: జాతి పిల్లిపిల్లని దారిలో పెట్టుకోవడం

కాగితాల ప్రకారం మా పిల్లి పేరు నాలుగు మాటల పొడుగు. దాని తాతముత్తాతల పేర్లన్నీ ఉన్న ఆ పెడిగ్రీ సర్టిఫికెట్‌ని ఇంటికొచ్చిన రెండో రోజే ఒక మూల నమిలి పారేసింది. ఆ రోజు నుంచీ మాకు అది పిడుగు. పర్షియన్ జాతి. పర్షియన్లు నెమ్మదస్తులు, సోఫా మీద దిండులా పడుంటాయి అని విని తెచ్చుకున్నాను. పెద్దవాటి సంగతి నిజమే. మూడు నెలల పిల్లకి మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇంకా తెచ్చుకోనివాళ్ళకి ముందొక మాట. 12 వారాలు నిండని పిల్లని తీసుకోకండి. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్ళకి నొప్పి పుడుతుందో అది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర నేర్చుకోవాల్సిన పాఠం. అక్కడ నేర్చుకోకపోతే మీ చేతుల మీద నేర్చుకుంటుంది. ఇంకోటి, సర్టిఫికెట్ వంశం చెబుతుంది గానీ ఆరోగ్యం చెప్పదు. పర్షియన్లలో కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఆ జన్యువు వచ్చినా చాలు. దానికి డీఎన్ఏ పరీక్ష ఉంది కాబట్టి తల్లిదండ్రుల రిపోర్టులు అడిగి చూడండి. మెయిన్ కూన్, రాగ్‌డాల్ లాంటి జాతుల్లో అయితే గుండె జబ్బు గురించి అడగాలి.

మొదటి రోజు నేను చేసిన తప్పు, బుట్ట మూత తీసి ఇల్లంతా దానికి వదిలేయడం. సూటిగా వెళ్ళి ఫ్రిజ్ వెనక దూరింది. రెండు గంటలు పిలిచాం, బతిమాలాం, బొమ్మలు ఊపాం. చివరికి విసుగొచ్చి నేను నేల మీద పడుకుని పుస్తకం చదువుకుంటుంటే, అదే వచ్చి నా చెవి వాసన చూసింది. మీరు ఒక్క గదితో మొదలుపెట్టండి. ఓ మూల లిట్టర్ బాక్స్ (అది ఒంటికీ రెంటికీ వెళ్ళే, ఇసకలాంటి లిట్టర్ పోసిన తొట్టె), దానికి దూరంగా ఇంకో మూల తిండీ నీళ్ళూ, దాక్కోవడానికి పక్కకి పడుకోబెట్టిన అట్టపెట్టె. బ్రీడర్ దగ్గర వాడిన లిట్టర్, పెట్టిన తిండి కొన్నాళ్ళు అవే ఉంచండి. మార్చాలంటే వారం పైగా కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. పిల్ల తోక పైకెత్తి గదిలో తిరగడం మొదలుపెట్టాక తలుపు తీయొచ్చు.

ఇక అసలు కథ: ఆట. మొదటి వారం నేను దాంతో వేళ్ళతో ఆడాను. చిన్న చిన్న పళ్ళు, చక్కిలిగింతలా ఉండేది. మూడో వారానికి నా చేతులు ముళ్ళకంచెలో దూరి వచ్చినట్టు తయారయ్యాయి. తప్పు దానిది కాదు, చెయ్యి అంటే వేట అని నేర్పింది నేనే. మానిపించడానికి చేసింది ఇంతే: పట్టుకోగానే చెయ్యి కదపకుండా ఉంచేయడం. లాక్కుంటే ఎలక పారిపోతోందని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పట్టు వదిలాక బొమ్మ అందించి, చెయ్యి మెల్లగా తీసేసేదాన్ని. కొట్టడం, అరవడం వల్ల మీరంటే భయం పుడుతుంది తప్ప కరవడం ఆగదు.

ఆడించడానికి కర్రకి ఈకలు కట్టిన బొమ్మని మించింది లేదు. అయితే చాలామంది దాన్ని పిల్లి మొహం ముందు విసనకర్రలా ఊపుతారు. ఏ ఎలకైనా పిల్లి ముక్కు మీదికి వచ్చి నాట్యం చేస్తుందా? బొమ్మ దాన్నుంచి దూరంగా పోవాలి. నేల మీద పాకాలి, సోఫా కాలు వెనక నక్కాలి, కాసేపు ఆగిపోవాలి, కొస మాత్రం వణకాలి. అప్పుడు చూడండి, కళ్ళు నల్లగా విప్పార్చి, వెనక భాగం అటూ ఇటూ ఊపి ఒక్క దూకు దూకుతుంది. మధ్యమధ్యలో దొరకనివ్వండి. ఎప్పటికీ దొరకని వేట దానికి చిరాకు. లేజర్ లైటుతో వచ్చే ఇబ్బంది ఇదే. తప్పనిసరై అది వాడినా, చివర్లో పట్టుకోవడానికి ఏదో ఒక బొమ్మ ఇవ్వండి. ఒక్కోసారి పది నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు చాలు. నోరు తెరిచి రొప్పితే వెంటనే ఆపేయాలి. పర్షియన్ లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఊపిరి మామూలుగానే కష్టం. ఆట ఆపాక కూడా రొప్పుతూనే ఉంటే డాక్టర్‌కి చూపించాలి.

పిల్లి దినచర్యకి ఒక వరస ఉంది: వేటాడటం, తినడం, ఒళ్ళు నాక్కోవడం, పడుకోవడం. ఈ వరస తెలియక నెలరోజులు నిద్ర పాడుచేసుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి దుప్పటి కింద నా కాలి వేళ్ళ మీద దాడి. నోరు మూయించడానికి లేచి తిండి పెట్టాను. ఇంకేం, ఐదింటికి కరిస్తే టిఫిన్ వస్తుందని దానికి మూడు రోజుల్లో అర్థమైపోయింది. ఆ అలవాటు పోగొట్టడానికి రెండు వారాలు పట్టింది. మేం పడుకునే ముందు బాగా ఆడించి, ఆ వెంటనే ఆ రోజు చివరి భోజనం పెట్టి, లైట్లు ఆర్పేశాం. పొద్దున్న లేవగానే గిన్నె దగ్గరికి వెళ్ళకుండా ముందు నా పని ఏదో ఒకటి చేసుకునేదాన్ని. మధ్యలో ఒక్క రోజు లొంగిపోయాను, కథ మళ్ళీ మొదటికొచ్చింది.

ఆడాక ఆ కర్ర బొమ్మని బీరువాలో పెట్టేయండి. ఇది చాదస్తం కాదు. పిల్లి నాలుక మీద గొంతువైపు తిరిగిన ముళ్ళలాంటివి ఉంటాయి, దారం నోట్లో పడితే ఉమ్మడం చేతకాక మింగేస్తుంది. మింగిన దారం పేగుల్ని కుచ్చుకుచ్చుగా లాగేస్తుంది. అమ్మ కుట్టుపెట్టె దగ్గర పిడుగు నోట్లోంచి జానెడు దారం వేలాడుతుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అదృష్టం, రెండో కొస ఇంకా రీలులోనే ఉంది. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతూ, అటు కొస లోపలికి పోయి ఉంటే లాగకండి, అలాగే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పారాసెటమాల్, లిల్లీ పూలు, కుక్కలకి వాడే పెర్మెత్రిన్ ఉన్న గోమారి మందు పిల్లుల ప్రాణాలు తీస్తాయి. వాషింగ్ మెషిన్ మూత వేసేముందు లోపల చెయ్యి పెట్టి చూడండి.

దువ్వడం అనేది పొడుగు బొచ్చు జాతులకి రోజూ ఉండే పని. ఒక రోజు మానేస్తే చంకల్లో, చెవుల వెనక ఉండలు కడుతుంది. లోహపు దువ్వెన కొని, పిల్ల తిని మగతగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మొదటి రోజు అర నిమిషం చాలు. ఉండ కట్టిందని కత్తెర పట్టుకోవద్దు. పిల్లి చర్మం పల్చన, ఉండతోపాటు పైకి లేస్తుంది, తెగుతుంది. కళ్ళ కింద చారలు రోజూ తడి దూదితో తుడవాలి, ఒక్కో కంటికి వేరే దూది.

లిట్టర్ రోజుకి రెండుసార్లు తీయండి. బయట పోస్తే తిట్టే ముందు బాక్స్ శుభ్రంగా ఉందా అని చూడండి. పదేపదే వెళ్ళి ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే, మగపిల్లి అయితే మరీ, అది అర్జంటు. తిండి నాలుగు నెలల దాకా రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు. ఆవుపాలు వద్దు, చాలావాటికి విరేచనాలవుతాయి. పిల్ల ఒక పూటంతా ఏమీ ముట్టకుండా డల్‌గా ఉంటే రేపు చూద్దాం అనుకోకండి. వ్యాక్సిన్లు 16 వారాల వయసు దాటేదాకా వరసగా ఉంటాయి, చివరి డోసు ఎగ్గొడితే మొదటివాటి ప్రయోజనం సగంలో ఆగినట్టే. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడని ఐదు నెలలు నిండకముందే డాక్టర్‌ని అడగండి.

నాలుగో నెలలో ఛార్జర్ వైర్లు కొరకడం మొదలుపెట్టింది. వైర్లన్నీ గొట్టాల్లో దాచి, నమలడానికి మెత్తటి గుడ్డ బొమ్మలిచ్చాను. కారణం తర్వాత తెలిసింది. పాలపళ్ళు 26 ఊడిపోయి 30 కొత్తవి వచ్చే వయసట అది. ఊడిన పళ్ళని చాలామటుకు పిల్లులే మింగేస్తాయి కాబట్టి మన కంటబడవు. మాకు ఒక్కటి దొరికింది, నా కీబోర్డ్ మీద, బియ్యపుగింజలో సగం ఉంది. అమ్మ దాన్ని చిన్న కాగితంలో పొట్లం కట్టి, మూల చిరిగిన ఆ సర్టిఫికెట్ ఉన్న కవర్లోనే పెట్టింది.