టీసీ చేతికి తీసుకునే ముందు

సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన వారంలో ఏ నిర్ణయమూ తీసుకోకండి. "అన్నా, పని నేర్పుతవా? కాలేజీ బంద్ చేస్తున్న" అంటూ మా మోటర్ వైండింగ్ షాపుకు వచ్చే పిల్లల్లో సగం మంది ఆ వారంలోనే వస్తారు. రెండు బ్యాక్‌లాగ్‌లు పడ్డాయనో, ఇంట్లో తిట్టారనో, ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ ఇచ్చేది లేదన్నారనో. ఒక నెల ఆగి రమ్మంటాను. తిరిగి వచ్చేది ఒకరిద్దరే. పని నేర్పేది కూడా వాళ్లకే.

నేనూ మానేసినవాణ్నే. డిగ్రీ రెండో సంవత్సరం నడుమ నల్గొండలో కాలేజీ వదిలేసి, మా మండల కేంద్రంలో ఒక మడిగె కిరాయికి పట్టి షాపు పెట్టాను. షాపు ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి మానెయ్యొద్దని మీకు చెప్పే ముఖం నాకు లేదు. అయితే నేను మానేసిన పద్ధతి మాత్రం తప్పు. ఆ తప్పు సరిచేసుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

పేరు కొట్టేయించుకోకండి

కాలేజీకి పోకుండా ఉండటం వేరు, పేరు తీయించుకుని టీసీ పట్టుకొచ్చుకోవడం వేరు. మొదటి దాంట్లో వెనక్కి రావడానికి దారి ఉంటుంది. మన దగ్గర డిగ్రీ కాలేజీలు ఎక్కువగా నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ కిందో, పాలమూరు యూనివర్సిటీ కిందో ఉంటాయి. ఆగిపోయిన సెమిస్టర్ నుంచి రీ-అడ్మిషన్ ఎన్నేళ్లలోపు ఇస్తారు, ఎంత కట్టాలి, ఏ నెలలో అప్లై చెయ్యాలి అనే మూడు సంగతులు మానెయ్యకముందే కనుక్కోండి. కాలేజీ ఆఫీసులో నోటిమాటగా చెప్పింది నమ్మకుండా యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్లి అడగండి. సెమిస్టర్ మధ్యలో ఉంటే ఆ పరీక్షలు రాసేసి ఆగండి. పాసైన మెమో ఎక్కడికీ పోదు. సగం చదివి వదిలేసిన సెమిస్టర్‌కు ఎవరూ లెక్క కట్టరు.

ఒరిజినల్స్ సంగతి ఇంకా ముఖ్యం. నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో కాలేజీ బీరువాలో ఉండిపోయాయి. అడగబోతే, మిగిలిన ఏడాదిన్నర ఫీజు కూడా కట్టి తీసుకుపొమ్మన్నారు. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పుడు నాకు ఆ ముక్క తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. మీరు లెటర్ రాసి, దాని కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. అసలు ఇంకా కాలేజీలో ఉన్నప్పుడే ఏదో ఒక అవసరం చెప్పి ఒరిజినల్స్ బయటికి తెచ్చుకోవడం తేలిక.

ఆ మెమోలతో పనేముంది, పెట్టేది షాపే కదా అనుకున్నాను. షాపు తెరిచిన ఆరు నెలలకు, సొంత పని పెట్టుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీతో ఇప్పించే పీఎంఈజీపీ లోన్ కోసం జిల్లా పరిశ్రమల కేంద్రానికి పోయాను. పల్లెటూళ్లో పెట్టే యూనిట్‌కు జనరల్ వాళ్లకు 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వాళ్లకూ ఆడవాళ్లకూ 35 శాతం సబ్సిడీ ఉంటుంది. సర్వీసు యూనిట్ 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసైన రుజువు అడుగుతారు. రుజువు బీరువాలో ఉంది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. "షాపు ఆల్రెడీ నడుస్తుంది సార్" అని గర్వంగా చెప్పాను. ఆ స్కీము కొత్తగా పెట్టబోయే యూనిట్లకే అట. తొందరపడి మడిగె తెరవకుండా ముందు అప్లికేషన్ పెట్టి ఉంటే నా కథ వేరుగా ఉండేది.

బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ మీద చదివే వాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. కేంద్రం ఇచ్చే వడ్డీ సబ్సిడీ చదువు మధ్యలో మానేస్తే రాదు. ఆరోగ్యం బాగోలేక మానెయ్యడం లాంటివే మినహాయింపు.

ఉద్దెర లెక్క

షాపు పెట్టే ముందు అందరూ పెట్టుబడి లెక్కేస్తారు. మడిగె అడ్వాన్సు, మిషన్లు, బోర్డు, కరెంటు మీటరు. ఉద్దెరను, అంటే అరువు పెట్టిన పైసలను మాత్రం ఎవరూ లెక్కెయ్యరు. మా వైపు పల్లెల్లో షాపులు మూతపడేది గిరాకీ లేక కంటే ఉద్దెర వసూలు కాకనే ఎక్కువని నా అనుభవం.

మార్చి నెల ఒక రాత్రి. పది దాటింది. ఒక రైతు ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. ఒక ఫేజు పోయి, మిగిలిన రెండింటి మీద నడిచి కాలిపోయింది. విప్పితే నల్లబడ్డ కాయిల్, ఆ మాడు వాసన. "పొద్దుగాలకల్లా కావాలె తమ్మీ, చేను పొట్టమీదున్నది" అన్నాడు. రాత్రంతా కూర్చుని చుట్టాను. తెల్లారి మోటరు ఆటోకెక్కించాక పైసల మాట ఎత్తితే, "వడ్లు కాంటా అయినంక ఇస్త, యాడికి పోత?" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. వడ్లు కోసి, ఆరబోసి, వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కాంటా అయ్యి, అకౌంట్లో డబ్బు పడేసరికి మే నెల దాటుతుంది. పడగానే అందులోంచి మందుల షాపు బాకీ, కోత మిషను కిరాయి పోతాయి. ఆ తర్వాత నా వంతు. మరి నాకు కాపర్ వైరు అమ్మేవాడు నగదు లేనిదే కిలో కూడా తూకమెయ్యడు. మొదటి ఎండాకాలం అయిపోయేసరికి నా నోటుబుక్కులో రావాల్సింది లక్షా ఎనభై వేలు. గల్లాలో ఆ నెల కిరాయికి కూడా లేవు. వైరు కోసం నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెచ్చాను. మూడు రూపాయలంటే చిన్నమాటలా వినబడుతుంది. అది నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. అంటే 36 శాతం. 2015 నుంచి నడుస్తున్న ముద్ర లోన్లలో శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారని నాకు మిత్తి కట్టడం మొదలయ్యాకే తెలిసింది.

కాబట్టి మీ లెక్క ఇలా వెయ్యండి. పెట్టుబడి, దాని మీద ఆరు నెలల కిరాయి, ఇంటి ఖర్చు, ఆ పైన ఒక సీజన్ మొత్తం ఉద్దెర పోతే తట్టుకునే సొమ్ము. ఆఖరిది ఎంతో తెలియకపోతే అదే పని చేసే పక్క మండలం వాణ్ని అడగండి. మీ ఊళ్లోవాడు పోటీ వస్తారని నిజం చెప్పకపోవచ్చు. పక్క మండలంవాడు చాయ్ తాగిస్తే ఖాతా బుక్కే చూపిస్తాడు.

అమ్మ పుస్తెలతాడు బ్యాంకులో పెట్టి మొదలుపెట్టకండి. దీని మీద వాదన అక్కర్లేదు.

మంచి నెలలు చూసి మోసపోకండి

ఎండాకాలం సెలవుల్లో నెలరోజులు పని చేసి చూశాం, బాగుంది అంటారు కొందరు. మా పనిలో అయితే ఎండాకాలమే పండుగ. బోర్లు అడుగంటుతాయి, మోటర్లు కాలుతాయి. జూలైలో వానలు బాగా పడి చెరువులు నిండితే నేను షట్టర్ ముందు కూర్చుని రోడ్డు చూస్తాను. ఫొటోలు తీసేవాడికి, టెంట్‌హౌస్ వాడికి ఆషాఢమాసం అట్లాంటిదే. మీరు పెట్టబోయే పనికి చెడ్డ నెల ఏదో తెలుసుకుని, ఆ నెలలో ఎవరి దగ్గరైనా కూర్చుని చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలి కాబట్టి క్లాసులు ఎగ్గొట్టి కాదు, సాయంత్రాలూ ఆదివారాలూ పోండి. ఆ రెండు పూటలు ఓపిక పట్టలేనివాళ్లు షాపు పెట్టి నిలబడలేరు.

పని నేర్చుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. తిండి, వసతి పెట్టి ఉచితంగా నేర్పుతారు. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉంది. అక్కడికీ పోయి అడగొచ్చు.

స్కీమును నమ్ముకుని మాత్రం కాలేజీ వదలకండి. 2025లో రాష్ట్ర ప్రభుత్వ స్వయం ఉపాధి స్కీము రాజీవ్ యువ వికాసానికి అప్లికేషన్ పెట్టి, మంజూరు కాకముందే మడిగెకు అడ్వాన్సు ఇచ్చినవాళ్లు మా బజారులోనే ఉన్నారు. లోన్ ఇప్పిస్తా, పర్సెంటేజీ ఇవ్వమనేవాడికి దండం పెట్టి పంపండి. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్ ఉంటే ఫ్రీ. దానికి కూడా వెయ్యి, రెండు వేలు గుంజేవాళ్లు ఉన్నారు. ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అని యూట్యూబ్‌లో చెబుతుంటారు. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు కూడా 20 లక్షలే. ఇంటి ముందు గదిలో షాపు పెడితే ఇంటి మీటరు మీద నడపకండి, కమర్షియల్ కేటగిరీకి మార్పించండి. కరెంటువాళ్లు చెకింగ్‌కు వస్తే కట్టే జరిమానా ఏడాది లాభాన్ని తినేస్తుంది.

ఇంట్లో చెప్పడం

పాలమూరు వైపు చాలా ఇళ్లల్లో పిల్లల కాలేజీ ఫీజంటే తల్లిదండ్రులు ముంబైలోనో పుణెలోనో మట్టి మోసిన పైసలు. వాళ్లకు ఫోన్లో చెప్పకండి. పండక్కి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పండి, లెక్క రాసిన కాగితం చూపించండి. మా నాయిన మూడు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చుని, "సంబంధం వాళ్లు ఎంత చదివిండని అడుగుతున్నరు, ఏం చెప్పమంటవు?" అన్నాడు. "డిగ్రీ డిస్కంటిన్యూ" అన్నాను. "అది చదువా?" అన్నాడు.

నవ్వొచ్చే మాటే. కానీ ఆ మాటకే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చేరాను. ఇంటర్ పాసైతే చాలు. నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ స్టడీ సెంటర్లు ఉన్నాయి. మళ్లీ మొదటి సంవత్సరం నుంచే చదివాను, వార్నిష్ మరకల వేళ్లతోనే పరీక్షలు రాశాను. కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు గానీ ఎస్సైకి, గ్రూప్స్‌కు డిగ్రీ కావాలి. నాకు ఆ ఆశ లేదు. మీకు ఉంటే ఇప్పుడే దాని గురించి ఆలోచించండి.

చివరగా, షాపు తెరిచిన రోజే నోటుబుక్కు మొదటి పేజీలో రెండు తేదీలు రాసుకోండి. ఒకటి రీ-అడ్మిషన్‌కు ఆఖరి గడువు. రెండోది దానికి నెల ముందు, షాపు లెక్క చూసుకునే రోజు. మోటర్ల పనైతే జూన్ మొదటి వారం పెట్టుకోండి. అప్పటికి సీజన్ ముగుస్తుంది, వడ్ల పైసలు పడి ఉంటాయి, ఎవరిచ్చారో ఎవరివ్వలేదో తేలుతుంది, కాలేజీలో అడ్మిషన్లు కూడా అప్పుడే మొదలవుతాయి. ఆ రోజు కిరాయి, మిత్తి, ఇంటి ఖర్చు తీసేశాక ఏమీ మిగలకపోతే తెల్లారి నల్గొండ బస్సెక్కండి. షట్టర్ తాళం ఓనరుకు ఇవ్వకండి, ఇంకో నెల కిరాయి అడ్వాన్సులో పోతుంది లెండి.